గడప దాటని పాయసం

షంషుద్దీన్ హజ్రత్‌ను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన కూర్చోలేడు. అంతవరకు చాప మీద స్థిమితంగా ఉన్న మనిషి లేచి, టోపీ ఒకసారి తీసి మళ్లీ పెట్టుకుని, వసారాలో అటూ ఇటూ తిరగడం మొదలుపెడతాడు. ఇతర ఊళ్ల గురువులను, పీర్లను నేను చూశాను. ప్రశ్న వినగానే కళ్లు మూసుకుంటారు, చిన్నగా నవ్వుతారు. అడిగినవాడికే సిగ్గేస్తుంది, ఇంత తెలిసిన మనిషిని ఎందుకు అడిగానురా అని. మా హజ్రత్‌ది ఆ తీరు కాదు. ప్రశ్న ఆయనకు కాలిలో ముల్లు. అది దిగినచోటునే ఉంటే ఆయన నిలవడు, మమ్మల్ని నిలవనీయడు. పోనీ అంత తిరిగాక జవాబు చెబుతాడా అంటే అదీ లేదు. ఏదో ఒక రోజు, ఎవరి ఇంట్లోనో, ఏదో జరుగుతుంది. అప్పుడు రెండు ముక్కలంటాడు. అర్థమైతే అయింది, లేకపోతే మన తలరాత.

నేను బడేసాను. బేల్దారిని. పత్తికొండలో మా దూదేకుల వీధిలో ఉన్న గోడల్లో సగం నా చేతి గోడలే. సాయంత్రం పని ముగిశాక హజ్రత్ వసారాలో ఓ మూల కూర్చునేవాణ్ణి. పెద్ద భక్తుణ్ణని చెప్పుకోను. అక్కడ టీ బాగుంటుంది, మాటలు అంతకంటే బాగుంటాయి.

ఆ ఏడు రజబు నెల పుట్టిన వారంలోనే ఖలందరు వచ్చాడు. పరుపుల ఖలందరంటే మా వీధిలో తెలియనివాళ్లు లేరు. మంచి పనివాడు, అంతకంటే మంచి దాత. రజబు వచ్చిందంటే ఆయన చెయ్యి నిలవదు. దర్గాల దగ్గర పడుకునే ఫకీర్లకు బొంతలు కుట్టి పంపుతాడు. కర్నూలు మదర్సాకు దిండ్లు పంపుతాడు. ఎక్కడో వరదలొచ్చాయని వింటే, ఆ ఊరి పేరు పలకడం కూడా రాకపోయినా, దుప్పట్లు లారీకెక్కిస్తాడు. అంత ఇచ్చే మనిషి ముఖంలో కళ ఉండాలి కదా? లేదు. ఇచ్చి వచ్చిన రోజున కూడా పోగొట్టుకున్నది వెతుక్కునేవాడిలా తిరుగుతుంటాడు.

వచ్చినవాడు సలాము చేసి, కూర్చుని, కూర్చున్నంతసేపూ చాపలోని ఈనెలు గిల్లుతూ, చివరికి అడిగేశాడు.

"హజ్రత్, ఈ నెలలో ఇచ్చినదానికి ఫలం ఎక్కువంటారు. ఇన్నేండ్లుగా ఇస్తాండా. అజ్మీరు దాకా పంపినా. మనసు కుదురుకోదు. ఇంకా ఎంత దూరం పోవాల నా చెయ్యి? ఎంత దూరం పోతే నా దానం అల్లా దగ్గర కబూల్ అవుతుంది?"

ఇంకేముంది, హజ్రత్ లేచాడు. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు. వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాడు. పొద్దుగూకి మగ్రిబు నమాజుకు పిలుపు వినపడే వేళకు ఖలందరు ముందు ఆగి, జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాడు.

"రజబును పవిత్ర మాసం అని ఎందుకన్నారు?"

"కొట్లాటలు నిలిపేయమన్న నెల కదా హజ్రత్. పాతకాలంలో యుద్ధాలు కూడా ఆపేసేవాళ్లంట."

"నువ్వు ఆపినావా?"

ఖలందరు తెల్లబోయాడు. "నాకెవరితో కొట్లాట హజ్రత్? చీమకు కూడా అపకారం చెయ్యను."

హజ్రత్ నా వైపు ఒక్క చూపు చూశాడు. నేను పైకప్పు దూలం వైపు చూశాను. దూలంలో చూడదగిందేమీ లేదు. కానీ ఆ కొట్లాట ఎక్కడుందో నాకు తెలుసు. దాన్ని ఇటుక మీద ఇటుక పేర్చి కట్టింది నేనే.

ఆ గోడ సంగతి చెప్పాలి. ఖలందరుకు నబీరసూలని ఒక తమ్ముడుండేవాడు. తల్లి పోయాక తమ్ముడికి డోన్‌లో ఒక పిల్లను చూసి, ఆ ఇంటివాళ్లకు మాటిచ్చి వచ్చాడు ఖలందరు. తమ్ముడు ఆ మాట వినకుండా ఆలూరు పిల్ల జైబున్‌ను నిఖా చేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నలుగురిలో నా మాట పోయిందని ఖలందరు మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు నన్ను పిలిపించి, ఇంటి నడిమింట్లో సున్నంతో గీత గీసి, ఇక్కడ లేపు గోడ అన్నాడు. నడిల్లు రెండు ముక్కలైంది. అవతలి ముక్కకు వీధి దారి లేకపోతే అటువైపు పగలగొట్టి ఇంకో గడప కూడా పెట్టాను. కూలికి పిలిస్తే గోడ కడతాను, అది నా పని. ఆ పని చేసినందుకు నాకు దిగులేమీ లేదు. అయితే ఇద్దరన్నదమ్ములూ ఇవతల ఒకరు అవతల ఒకరు నిలబడి, వరస వరసా పైకి లేస్తుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, మెడ దాకా వచ్చినా ఒక్కరూ ఆపమనకపోవడం మాత్రం నాకు గుర్తుంది. ఆ తరువాత ముఖాలు కనపడలేదు.

ఆ రజబుకు ముందు వచ్చిన బక్రీదు వెళ్లాక నబీరసూలుకు కామెర్లొచ్చాయి. నాటు మందు తాగుతూ కాలం గడిపాడు, పోయాడు. అన్న వచ్చి పాడె మోశాడు, మట్టి వేశాడు, ఇంటికొచ్చి తలుపేసుకున్నాడు. గోడ గోడగానే ఉంది. అవతల జైబున్ ఒక్కతే మిగిలింది. అప్పటికే కడుపుతో ఉంది. మాలో భర్త పోయిన ఇల్లాలు గడువు తీరేదాకా ఇల్లు కదలకూడదు. దాన్ని ఇద్దత్ అంటాం. కడుపుతో ఉంటే ఆ గడువు కాన్పు అయ్యేదాకా. కన్నతల్లి వచ్చి కొన్నాళ్లుండి, తనకే జబ్బు చేసి ఆలూరు వెళ్లిపోయింది. ఆ తరువాత ఆ పిల్ల ఏం వండుకుంటోందో, అసలు వండుకుంటోందో లేదో ఎవరికీ తెలియదు. పొగ కనపడని రోజులే ఎక్కువ.

మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త సరోజమ్మ ఉంది. మనిషి కటువు, మనసు వెన్న. ఆమె ఒకరోజు ఖలందరును నడివీధిలో నిలేసింది. "ఏమయ్యా, మీ మరదలి ఒంట్లో రక్తమనేది లేదు. తిండి లేక ఎండిపోతాంది. ఇట్లే ఉంటే కాన్పు గట్టెక్కదు. తల్లి దక్కుతుందో, బిడ్డ దక్కుతుందో, ఇద్దరూ పోతారో, ముందే చెబుతాండా" అని అరిచింది. నేను పక్కనే ఇసుక జల్లిస్తున్నాను, విన్నాను. ఖలందరు ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆ సాయంత్రమే బియ్యం, నెయ్యి, బెల్లం మూట కట్టి సరోజమ్మ చేత అవతలికి పంపాడు. మూట అట్లే తిరిగొచ్చింది.

"ఏమంది?" అని అడిగాడు.

"ఫకీర్లకు పంపినట్టు నాకు పంపొద్దన్నానని చెప్పు అంది. నేను ఈ ఇంటి కోడల్ని, సదఖా, దానం తీసుకునేదాన్ని కాదు అంది. ఆకలితో చస్తావే అంటే, చస్తే మా ఆయన పక్కన చోటుంది అంది. మీ ఇంట్లో అందరికీ ఒకటే రోగమయ్యా, మెడ వంగదు!" అని సరోజమ్మ మూట ఆయన చేతిలో కుక్కి వెళ్లిపోయింది.

ఆ తరువాతే ఖలందరు హజ్రత్ దగ్గరికి వచ్చి, దానం ఎంత దూరం పోవాలని అడిగింది. పక్కింటి మూట సంగతి మాత్రం చెప్పలేదు చూడండి.

ఇక రజబులో మా ఇళ్లలో కుండాలని ఒక మొక్కు ఉంటుంది. కొత్త మట్టి కుండల్లో పాయసం, పూరీలు పెట్టి, తెల్లగుడ్డ మీద వరసగా పేర్చి, ఫాతెహా చదివి, పిలిచినవాళ్లను అక్కడే కూర్చోబెట్టి తినిపిస్తారు. అందులో నేమమేమిటంటే మెతుకు కూడా గడప దాటకూడదు. తినేవాడు లోపలికి రావాలి, తిండి బయటికి పోకూడదు. కడిగిన చేతి నీళ్లు కూడా లోపలే పళ్లెంలో పట్టేవాళ్లున్నారు. కొందరు పెద్దలు ఈ నేమం కితాబుల్లో లేదంటారు. మా ఆడవాళ్లను అడిగి చూడండి, కితాబులే మరిచిపోయి ఉంటాయి అంటారు.

ఖలందరు భార్య మాబున్ని ఆ ఏడు కుండాలు మొక్కుకుంది. ఆమె కూతురికి రెండు కాన్పులు నిలవలేదు. మూడోది నిలిస్తే రజబులో కుండాలు పెడతానని మొక్కింది. బిడ్డ నిలిచింది, కేరింతలు కొడుతోంది. ఇంక మాబున్ని భయం చెప్పతరమా? నేమంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా అక్కడ మనవడికి ఏమవుతుందోనని ప్రాణం గిలగిలలాడుతుంది.

ఆ ఉదయం వీధి వీధంతా నేతి వాసన. హజ్రత్ వచ్చాడు, ఇరుగుపొరుగు ఓ పదిమంది మగవాళ్లు వచ్చారు, నేనూ వెళ్లాను. ఆడవాళ్లు వంటింట్లో ఉన్నారు. నడింట్లో గోడవారగా తెల్లగుడ్డ పరిచి కుండలు పేర్చారు. హజ్రత్ కూర్చుని ఫాతెహా చదివాడు. అందరం అమీన్ అని ముఖాలు తడుముకున్నాం. హజ్రత్ మొదటి ముద్ద తీసుకుంటే మేమంతా చెయ్యి పెట్టాలని చూస్తున్నాం. ఆయన తీసుకోలేదు. లేచాడు. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు. నడింట్లో తిరగడం మొదలుపెట్టాడు.

నాకు అప్పుడే తెలిసింది, ఖలందరు ప్రశ్న ఆయన కాల్లో ఇంకా దిగే ఉందని.

గోడ దాకా వెళ్తాడు, తిరుగుతాడు. వాకిలి దాకా వెళ్తాడు, తిరుగుతాడు. పూరీలు మెత్తబడుతున్నాయి. పాయసం మీద మీగడ కడుతోంది. ఒకాయన దగ్గాడు, ఒకాయన కాలు మార్చుకున్నాడు. ఖలందరు నుదుట చెమట తుడుచుకున్నాడు. చివరికి మాబున్ని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, కొంగు సర్దుకుని అంది.

"హజ్రత్, చల్లారిపోతాంది. మీరు ముట్టందే ఎవరూ ముట్టరు."

"ఇంటివాళ్లందరూ వచ్చినారా తల్లీ?"

"వచ్చినారు హజ్రత్."

అప్పుడు గోడ అవతల దగ్గు వినపడింది. పొడి దగ్గు. ఆగి, మళ్లీ మొదలై, గోడకు ఆనుకున్నట్టు చప్పుడైంది.

"ఆ దగ్గు ఏ ఇంటివాళ్లది?" అన్నాడు హజ్రత్.

మాబున్ని గుమ్మం పట్టుకుని నిలబడింది. ఉన్నట్టుండి కట్ట తెగినట్టు ఏడ్చేసింది.

"నేను పెట్టననా హజ్రత్? తెల్లారుజామున పూరీ మూకుట్లో వేసినప్పటి నుంచి ఆ పిల్లే నా కండ్లలో ఉంది. కడుపుతో ఉన్నదానికి వాసన పోతే ప్రాణం ఎట్లా లాగుతాదో నాకు తెల్దా? ఇది గడప దాటకూడదు. దాటితే మొక్కు చెడుతుంది. నా బిడ్డ ఒళ్లో బిడ్డుంది హజ్రత్! ఆ పిల్ల చూస్తే ఇద్దత్‌లో ఉంది, ఇల్లు దాటకూడదు. నన్నేం చెయ్యమంటారు?"

"రెండు పక్కలా నేమమే అడ్డమాయె హజ్రత్" అన్నాడు ఖలందరు. ఆ గొంతులో బాధ ఉంది. కాదనను. బాధ కింద ఇంకోటి కూడా ఉంది, తప్పించుకున్నవాడి ఊపిరి. నాది పాముచెవి, నేను విన్నాను.

తినడానికి వచ్చిన ఒక పెద్దమనిషి సర్దిచెప్పబోయాడు. "దానికేముంది, వచ్చే నెల దాటితే రంజానే. అప్పుడు జకాతు తీసి ఆ పిల్లకే ఇద్దాం. రంజానులో ఇస్తే ఫలం కూడా ఎక్కువ."

హజ్రత్ ఆయన వైపు తిరిగాడు. "రంజాను దాకా ఆగుతావా అని కడుపులో బిడ్డను అడిగినారా?"

పెద్దమనిషి గడ్డం నిమురుకుంటూ కుండల వైపు చూశాడు. హజ్రత్ మాబున్ని దగ్గరికి వెళ్లి, కాస్త దూరంలో ఆగి, మెత్తగా అన్నాడు.

"నీ మొక్కు చెడగొట్టుకోమని నేను చెప్పను తల్లీ. ఒక్క మెతుకు కూడా గడప దాటనియ్యొద్దు."

ఖలందరు ముఖం తేటపడింది. హజ్రత్ మళ్లీ తిరుగుతూ, నన్ను చూడకుండానే నన్నడిగాడు.

"బడేసా, ఈ ఇంటికి గడపలెన్ని?"

"ఇప్పుడైతే రెండు హజ్రత్. మొదట ఒకటే."

"వీళ్లమ్మ బతికుండగా?"

"ఒకటే."

"ఆమె కుండాలు పెట్టేదా? ఎక్కడ పెట్టేది?"

అది నాకెట్లా తెలుస్తుంది? నేను నోరు తెరిచేలోపే మాబున్ని గొంతు వినపడింది. ఏడుపు ఆగిపోయింది.

"ఈన్నే హజ్రత్. నడింట్లోనే. ఈ గుడ్డే పరిచేది." తెల్లగుడ్డ వైపు చూసింది. అది మొత్తం విప్పితే చాలా పెద్ద గుడ్డ. చోటు చాలక సగానికి మడిచి, మడత గోడ మొదట్లోకి దోపారు. ఆ మడత వైపు చూస్తూ నిలబడిపోయింది. "సగం ఈ పక్కకు వచ్చేది. సగం ఆ పక్కకు."

ఇంత జరిగినా హజ్రత్ ఇది చెయ్యండి, అది చెయ్యండి అనలేదు. తిరుగుతూనే ఉన్నాడు. ఆ అడుగుల చప్పుడు వింటుంటే నాకే కాళ్లు నిలవలేదు. దగ్గు మళ్లీ వినపడింది.

మాబున్ని కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. "బడేసన్నా, నీ సుత్తి తెచ్చుకో" అంది.

ఖలందరు లేచి నిలబడ్డాడు. "ఏమే, నేనింకా ఏమీ చెప్పందే..."

"చెప్పు. నువ్వు ఏం చెబుతావో నాకు తెలుసు. నా మాట పోయింది అంటావు. నువ్వు మాటిచ్చినోళ్ల పిల్లకు పెండ్లయి ముగ్గురు పిల్లలు. ఆమె నీ పేరు కూడా మరిచిపోయింటాది. మాట తప్పినోడు మట్టిలో ఉండాడు. నువ్వొక్కనివి ఇంకా ఆ మాట పట్టుకుని తిరుగుతాండావు, లారీలెక్కించి దుప్పట్లు పంపుతాండావు. చెప్పు, ఏం చెబుతావో!"

ఖలందరు గోడ దగ్గరి నుంచి ఒక అడుగు పక్కకు జరిగాడు. నేను పరుగున వెళ్లి సుత్తి, ఉలి తెచ్చాను. మా ఇల్లు ఎదురు వరసలోనే. వచ్చి ఉలి పెట్టబోతే హజ్రత్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవతల మనిషిని అడగవా? ఆమెది కూడా కదా గోడ."

అది నిజమే. అయితే ఎవరు పిలవాలి? ఇద్దత్‌లో ఉన్న ఆడమనిషితో పరాయి మగవాళ్లం మాట్లాడకూడదు. బావ కూడా పరాయే. అందరం మాబున్ని వైపు చూశాం. ఆమె కుండల పక్కగా నడిచి వెళ్లి, గోడకు చెంప ఆనించింది. ఎన్నేళ్లయిందో ఆ పేరు పలికి. రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"జైబూ."

దగ్గు ఆగింది.

"జైబూ, నేనే, మాబున్నిని. గోడ తీస్తాండాం. నువ్వు వద్దంటే తియ్యం."

అవతల గోడకు ఆనుకునే నిలబడిందేమో, ఒక సన్నని గొంతు వినపడింది.

"సదఖా అయితే నాకొద్దక్కా."

"సదఖా కాదే పిచ్చిదానా! అత్త కుండాలు. ఇంట్లో మనిషి కూర్చోందే హజ్రత్ ముట్టనంటాండాడు. అంతా చల్లారిపోతాంది, మంది ఆకలితో కూర్చుండారు, నీకోసం!"

అవతలి గొంతు మళ్లీ వచ్చింది.

"ఉండండి. ఇటుపక్క గోడకు ఆయన చొక్కా తగిలించి ఉంది. తీసుకుంటా. దుమ్ము పడుతుంది."

ఖలందరు ఆ మాట విన్నాడు. ఇన్నాళ్లూ తమ్ముడి చొక్కా తన గోడకే, అటువైపు వేలాడుతోందని ఆ మనిషికి ఎవరు చెప్పారు? నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డాడు. "రసూలూ" అన్నాడు. పాడె మోసిన రోజు ఏడవలేదు ఆయన, నేను పక్కనే భుజం పట్టాను కాబట్టి తెలుసు. ఆ రోజు ఏడవాల్సింది అప్పుడు ఏడ్చాడు, పదిమందిలో, చిన్నపిల్లాడిలా. ఎవరూ ఓదార్చలేదు. హజ్రత్ కూడా ఏడవనిచ్చాడు. ఆడవాళ్లు కుండలు ఎత్తి వంటింట్లో పెట్టి మూతలేశారు. నేను ఉలి పెట్టాను.

కట్టినప్పటికంటే కూల్చినప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేశాను. అవతల కడుపుతో ఉన్న మనిషి. ఒక్క పెళ్ల అటు పడకూడదు. పైనుంచి మొదలుపెట్టి, ఒక్కో ఇటుకా వదులు చేసి, నా వైపుకే లాక్కుంటూ వచ్చాను. మెడ ఎత్తు దాకా దిగింది. అవతలి వెలుతురు ఇవతల పడింది. అక్కడ హజ్రత్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చాలు బడేసా. ఇంక మగవాళ్లకు ఇక్కడ పని లేదు. మిగతాది వాళ్లు తీసుకుంటారు."

మేమంతా నడవలోకి వచ్చేశాం. నడవ కూడా గడపకు లోపలే, కాబట్టి నేమానికి ఢోకా లేదు. లోపలి నుంచి ఇటుకల చప్పుడు వినపడుతూనే ఉంది. ఒకటి ఇటు పడుతుంది, ఒకటి అటు పడుతుంది. ఒకరు రెండు తీస్తే ఒకరు ఒకటి తీస్తున్నట్టుంది. నువ్వు కూర్చోవే, వంగొద్దు అని మాబున్ని కేకలు. నేను తీస్తానక్కా అని ఆ సన్నని గొంతు. ఆ తరువాత గుడ్డ దులిపిన చప్పుడు, కుండల చప్పుడు. ఆ తరువాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. హజ్రత్ నడవలో తిరుగుతున్నాడు. ఖలందరు గోడకు తల ఆనించి, తలుపు వైపే చూస్తున్నాడు. తింటుందా, మూట తిప్పి పంపినట్టు పళ్లెం కూడా తోసేస్తుందా? అందరి చెవులూ అక్కడే ఉన్నాయి.

"మెల్లగా తినవే! పొలమారుతుంది. ఎవరూ లాక్కోరులే నీ పాయసం" అని మాబున్ని కసురు వినపడింది. దాని వెనకే ఇద్దరూ గొంతెత్తి ఏడ్చారు. ఏడుస్తూనే ఒకరు నవ్వారు, ఎవరో తెలియలేదు.

ఈ సంగతి నేను ఎక్కడ చెప్పినా బిడ్డ ఏమైందని అడుగుతారు. ముందే చెప్పేస్తాను. ఆడపిల్ల. రంజాను చంద్రుడు కనపడకముందే, మాబున్ని చేతుల్లో, సరోజమ్మ తిట్ల మధ్య పుట్టింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. ఇప్పుడు ఆ నడింట్లో ఈ గడప నుంచి ఆ గడప దాకా పరుగులు పెడుతుంది. పెదనాన్న ఆమె వెనక ఒంగి నడుస్తుంటాడు, పడుతుందేమోనని.

ఆ ఉదయానికి వస్తాను. తలుపు సందులోంచి మాబున్ని గొంతు వచ్చింది. "హజ్రత్, ఇంటివాళ్లందరూ కూర్చున్నారు!"

పాయసం గిన్నెలు నడవలోకి వచ్చాయి. హజ్రత్ మొదటి ముద్ద తీసుకున్నాడు, మేమంతా తిన్నాం. చల్లారిన పాయసం. అంత తియ్యనిది మళ్లీ తినలేదు. ఖలందరు ముట్టలేదు. గిన్నె పట్టుకుని, వాచిన కళ్లతో హజ్రత్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆ మనిషికి ఇంకా మిగిలే ఉంది.

"హజ్రత్, ఆ రోజు నేనొకటి అడిగినా. ఎంత దూరం పోవాల అని. మీరు చెప్పలేదు."

హజ్రత్ నా వైపు చూశాడు. ఈసారి నేను దూలం వైపు చూడలేదు.

"బడేసా, ఆ గోడ మందమెంత?"

దుమ్ము పట్టిన నా చేతి నాలుగు వేళ్లూ దగ్గర చేర్చి చూపించాను. "బెత్తెడు హజ్రత్. సన్నగోడ."

హజ్రత్ టోపీ సర్దుకున్నాడు. ఫాతెహా అయినప్పటి నుంచి తిరుగుతున్న మనిషి, మొదటిసారి చాప మీద కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. గిన్నెలో మిగిలిన పాయసం వేలితో తుడిచి నోట్లో పెట్టుకుని, ఖలందరు చేతిలోని గిన్నె వైపు చూపిస్తూ అన్నాడు.

"విన్నావు కదా. ఇంక తిను."